తొమ్మిదికి పది

నా చేతులకి ఆ కొలత కంఠతా వచ్చు.
తొమ్మిది అడుగులకి పది.
ఓ తలుపు, ఓ కిటికీ, మూలకి గట్టు,
గట్టు కింద బియ్యం డబ్బా పట్టేంత చోటు.

పర్లాకిమిడిలో రైలుగేటు వెనక ఒకటి కట్టాను.
మహేంద్రతనయ దాటి పాతపట్నంలో ఒకటి.
గుణుపురం పాసింజరెక్కి పోయి
విశాఖలో, మధురవాడ కొండ కింద, వరసగా పదహారు.
ఇటిక ఒకటే. ఇసక వంశధారదే, ఎక్కడికి పోయినా.
మాల్లో నీళ్లు తగ్గించమని అరిచే నా గొంతూ ఒకటే.

మరి అద్దె?
పర్లాకిమిడిలో పన్నెండు వందలు, అదీ
పాఢీ గారు నెలాఖరుకి గుమ్మంలో చెప్పులు విప్పి
"భొడా...?" అని మొహమాటంగా సాగదీస్తే.
ఏరు దాటితే రెండు వేలు.
విశాఖలో ఏడున్నర వేలు. కరెంటు వేరే, నీళ్ల డ్రమ్ము వేరే,
మూడు నెలల అడ్వాన్సు,
చుట్టాలొస్తే ముందు చెప్పాలి.

చాలా రోజులు లెక్క తెగలేదు నాకు.
గోడలో ఏం దాచి కట్టానని
అంత ఖరీదు?

సుంబారి గమాంగో అని, గుమ్మా అవతలి కొండమనిషి,
మాకు మాలు అందించేది.
ఓ మధ్యాన్నం గిన్నె మూత తీస్తూ అడిగాను,
మీ ఊళ్లో ఇంటద్దె ఎంతే అని. ఊరికే, నవ్వడానికి.
నవ్వింది.
ఎర్రమట్టి గోడలు, మొగుడు ఎత్తిన దూలం,
ఎవరికి కడతారు అద్దె?
తర్వాత వేలితో పులుసు నాకి, నవ్వకుండా అంది:
"ఇంటికి నేదు గానీ మేస్త్రీ,
దూరానికి కడతన్నాం.
చిన్నదానికి జొరం వొస్తే డోలీ మోసినోళ్లకి కట్టినాం,
దిగువన జీపుకి కట్టినాం,
మూడ్రోజులు పని పోయింది, అదీ కట్టినట్టే.
పిల్ల బతికింది. ఎడం చెవి పోయింది.
అది కూడా రాసుకో."

నా తాపీ ఆగిపోయిందని చెప్పను.
ఆగలేదు. స్లాబు రోజు ఎవరికీ చెయ్యి ఆగదు.
సాయంత్రం గుండు వదిలి, దారం నిలిచేదాకా
కిటికీ కన్నంలోంచి బయటికి చూశాను.
మలుపులో ఆసుపత్రి ఎర్రదీపం.
ఐదు నిమిషాలకో బస్సు.
ట్యూషన్ బోర్డులు మూడు, ఒకదాని మీద ఒకటి.
పొద్దున్నే కూలీలని ఏరుకుపోయే జంక్షను.
ఏడున్నర వేలలో నా గోడ వాటా ఎంత?
వందో, నూటయాభయ్యో.
మిగతాదంతా ఆ మలుపుది.

సున్నం ఆరకముందే ఆ గదిలోకి దిగారు
మావైపు కుర్రాళ్లే, ఏడుగురు.
పగటి డ్యూటీ వాళ్లు లేచిన చాపలోనే
రాత్రి డ్యూటీ వాళ్లు పడుకుంటారు,
చాప చల్లారదు.
కిటికీలోంచి ఆసుపత్రి దీపం బాగా కనబడుతుంది.
లోపలికి పోవాలంటే
అదింకో అద్దె.

వాళ్లు ఖాళీ చేసి వచ్చిన గదులకి
పర్లాకిమిడిలో తాళాలు వేలాడుతున్నాయి.
పన్నెండు వందలకి కూడా మనిషి లేడు.
చౌకగా ఉందని ఎవరుంటారండీ,
పని ఉన్నచోట ఉంటారు గానీ.

నేనూ పాఢీ గారి గదిలోనే ఉంటాను,
శనివారం రాత్రి, ఆదివారం.
తక్కిన రోజులు ఎవరిదో తలుపు పెట్టని గదిలో
సిమెంటు సంచుల మీద.
ఓసారి సంచి మీదే పెన్సిలుతో వేశాను:
అద్దె, రైలు, హోటలు కూడు, దోమల మందు.
కూడితే ఏడు వేలు దాటింది.
కొట్టేసి మళ్లీ వేశాను.
మళ్లీ అంతే.

మొన్న ఆదివారం పాఢీ గారు వచ్చారు.
భొడా కోసం కాదట.
గేటు అవతల నుంచి పెద్ద రోడ్డు పడుతుందని
అల్లుడికెవరో చెప్పారట.
"పైన ఇంకో రెండు గదులు వేస్తే ఎంతవుతుంది మేస్త్రీ?"
అని అడిగి, కాసేపు నేల చూసి,
"కింద గదికి కూడా... కొంచెం..."
అని ఆగిపోయారు పాపం.

ఆయన వెళ్లాక గోడ మీద చెయ్యి వేశాను.
పోయిన వానకి కారిన మరక ఇంకా తడిగానే ఉంది.
గోడకి ఇంకా తెలీదు.